మాంసానికి బదులుగా మీల్ మేకర్: నానబెట్టడం నుంచి దమ్ము బిర్యానీ వరకు

కార్తీక మాసంలోనో, అయ్యప్ప దీక్ష రోజుల్లోనో మాంసం మానేసిన ఇళ్లలో, ఖీమానో కోడికూరో తినాలనిపించినప్పుడు మొదట గుర్తుకు వచ్చేది మీల్ మేకర్. హాస్టల్ భోజనంలోనూ, పెళ్లి విందుల్లో వడ్డించే వెజిటబుల్ బిర్యానీలోనూ అది తరచుగా కనిపిస్తూనే ఉంటుంది. అయినా దాన్ని అడిగి వేయించుకునేవారికంటే, ముక్క రబ్బరులా సాగుతోందనో, పైన కారం ఉన్నా లోపల చప్పగా ఉందనో విస్తరి అంచుకు నెట్టేసేవారే ఎక్కువ. ఈ లోపం ఆ పదార్థానిది కాదు, మాంసం వండిన క్రమంలోనే దాన్నీ వండడం వల్ల వచ్చినది.

మాంసం ఉడికేటప్పుడు తనలోని రసాన్ని, కొవ్వును, ఎముకల సారాన్ని పులుసులోకి వదులుతుంది కనుక ముక్కే కూరకు రుచినిస్తుంది. మీల్ మేకర్ కూరకు ఏమీ ఇవ్వదు, కూరలో ఉన్నదాన్నే పీల్చుకుంటుంది. కాబట్టి రుచి అంతా ముందుగా మసాలాలో తయారై ఉండాలి, ఆ మసాలా లోపలికి వెళ్లడానికి ముక్కలో చోటు ఉండాలి. కింద చెప్పిన ప్రతి దశకూ ఆధారం ఈ రెండు విషయాలే.

అది ఎలా తయారవుతుంది, ఎందుకలా ప్రవర్తిస్తుంది

సోయా గింజల పొట్టు తీసి, అటుకుల్లా నలిపి, ద్రావకంతో నూనెను పూర్తిగా లాగేస్తే మిగిలే పిండిలో దాదాపు సగం మాంసకృత్తులే ఉంటాయి. ఆ పిండిని నీటితో కలిపి, మరతో కూడిన వేడి గొట్టంలో అధిక పీడనంతో ముందుకు నెడతారు. ఆ వేడికి, రాపిడికి మాంసకృత్తులు విడివడి ఒకే దిశలో పోగుల్లా సర్దుకుంటాయి. సన్నని రంధ్రం గుండా బయటికి రాగానే పీడనం ఒక్కసారిగా తగ్గి, లోపలి నీరు ఆవిరై, ముద్ద ఉబ్బి, లోపలంతా గదులు ఏర్పడతాయి. దాన్ని కోసి ఆరబెడితే మనం కొనే గుండ్రని ముక్కలు తయారవుతాయి. అమెరికాకు చెందిన ఆర్చర్ డేనియల్స్ మిడ్‌లాండ్ సంస్థ ఈ పద్ధతిని అభివృద్ధి చేసింది. దానిపై విలియం అట్కిన్సన్ పేరిట 1970లో పేటెంటు వచ్చింది. టీవీపీ (టెక్స్చర్డ్ వెజిటబుల్ ప్రోటీన్) అనే పేరు కూడా ఆ సంస్థదే. మన దేశంలో సోయా పంట ప్రధానంగా మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్‌లలో పండుతుంది, తెలంగాణలో ఆదిలాబాద్, నిజామాబాద్ ప్రాంతాల రైతులకు కూడా ఇది బాగా పరిచయమైన పంట.

వంట చేసేవారికి ఈ తయారీ విధానం నుంచి మూడు విషయాలు పనికివస్తాయి. నూనె తీసేశారు కనుక ఇందులో కొవ్వు లేనట్టే, దాన్ని మనమే చేర్చాలి. మరలో ఒకసారి ఉడికి వచ్చింది కనుక దీన్ని మెత్తబరచాలే తప్ప గంటల తరబడి ఉడికించనక్కర్లేదు. లోపలున్న గదులు మొదట దేనితో నిండితే ఆ రుచే ముక్కకు పడుతుంది.

ఏ రకం, ఎంత

అంగట్లో మూడు రకాలు దొరుకుతాయి. పెద్ద ముక్కలు కూరకు, బిర్యానీకి అనువైనవి. చిన్నవి వేపుళ్లకు, ఫ్రైడ్ రైస్‌కు బాగుంటాయి. రవ్వలా ఉండే గ్రాన్యూల్స్ ఖీమాకు, కబాబులకు వాడాలి. మొదటిసారి ప్రయత్నించేవారు గ్రాన్యూల్స్‌తో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే రవ్వ చిన్నది కావడంతో మసాలా సులభంగా లోపలికంటా చేరుతుంది, పొరపాటు జరిగినా చప్పదనం తెలియదు.

ఎండు మీల్ మేకర్ నాని, పిండిన తర్వాత కూడా రెండున్నర నుంచి మూడు రెట్ల బరువు తూగుతుంది. అందువల్ల అర కిలో మాంసం వేసే కూరకు 125 నుంచి 150 గ్రాముల ఎండు ముక్కలు సరిపోతాయి. నలుగురు మామూలుగా తినే కూరకు 100 గ్రాములు చాలు. చేత్తో అంచనా వేసి కప్పులు కప్పులు నానబోస్తే గిన్నె నిండిపోతుంది, మసాలా చాలదు.

ప్యాకెట్ మీద 100 గ్రాములకు 52 గ్రాముల మాంసకృత్తులని రాసి ఉండడం చూసి, నానిన ముక్కల్లోనూ అంతే ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఆ లెక్క ఎండు సరుకుది. నీళ్లు పీల్చిన 100 గ్రాములలో ఉండేది 17 నుంచి 20 గ్రాములే, అది తోలు తీసిన కోడి మాంసంలో ఉండేదానికి కొంచెం తక్కువ. అయినా ఇది చిన్న విషయం కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫార్సుల ప్రకారం 65 కిలోల పురుషుడికి రోజుకు 54 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 50 గ్రాముల ఎండు మీల్ మేకర్‌తో అందులో దాదాపు సగం సమకూరుతుంది. మాంసకృత్తులకు మూలమైన అమైనో ఆమ్లాలలో, సోయాలో కాస్త తక్కువగా ఉండే మిథియోనిన్ అన్నం నుంచి, అన్నంలో కొరవడే లైసిన్ సోయా నుంచి అందుతాయి కనుక ఈ రెండింటినీ కలిపి తినడం శరీరానికి మేలు. మాంసం నుంచి దొరికే బి12 విటమిన్ మాత్రం ఇందులో ఉండదు, పూర్తిగా మాంసం మానేసినవారు దాన్ని పాలు, పెరుగు వంటి వాటి నుంచో, వైద్యులు చెప్పిన మాత్రల నుంచో తీసుకోవాలి. సోయా పడనివారు దీన్ని ముట్టుకోకూడదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారికి సోయా వల్ల ఆ మందు ఒంటికి పట్టడం తగ్గవచ్చు కనుక, మాత్రకూ ఈ భోజనానికీ మధ్య ఎంత వ్యవధి ఉండాలో తమ వైద్యుణ్ణి అడగాలి.

మొదటి దశ: ఉడికించి నానబెట్టడం

100 గ్రాముల పెద్ద ముక్కలకు ఒకటిన్నర లీటర్ల నీళ్లు పెట్టి, ఒక టీస్పూన్ ఉప్పు, పావు టీస్పూన్ పసుపు వేసి తెర్లనివ్వాలి. ముక్కలు పైకి తేలుతుంటాయి కనుక గరిటెతో కిందికి నొక్కుతూ ఐదు నిమిషాలు ఉడికించి, పొయ్యి ఆపి, మూతపెట్టి పది నిమిషాలు వదిలేయాలి. చిన్న ముక్కలైతే మూడు నిమిషాల ఉడుకు చాలు. గ్రాన్యూల్స్‌ను ఉడికించనే కూడదు, వాటిమీద మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు మూతపెడితే సరిపోతుంది.

చన్నీళ్లలో గంటసేపు నానబెట్టడం, నానబెట్టకుండా నేరుగా కుక్కర్‌లో వేసి మూడు నాలుగు విజిల్స్ రానివ్వడం అనే రెండు పద్ధతులూ ఇళ్లలో వాడుకలో ఉన్నాయి. మొదటి దాంట్లో పచ్చి సోయా వాసన అలాగే ఉండిపోతుంది. రెండో దాంట్లో ముక్క పైభాగం చిదికిపోతుంది, పైగా ఆ వాసన అంతా కూరలోకే దిగుతుంది.

నానిందో లేదో తెలుసుకోవడానికి ఒక ముక్కను కత్తితో నిలువుగా కోసి చూడాలి. లోపలంతా ఒకే రంగులో, తడిగా, సన్నని పోగులు పొరలు పొరలుగా కనిపిస్తే నానినట్టు. నడుమ శనగగింజంత చోటులో పాలిపోయిన పసుపు రంగు కనిపించి, కత్తికి గట్టిగా తగిలితే ఇంకా ఐదు నిమిషాలు వేడినీళ్లలో ఉండాలి. ఆ గట్టి గింజ తర్వాత ఎంత ఉడికించినా సరిగా మెత్తబడదు, ఎందుకంటే చిక్కని మసాలాలో దానికి తగినంత నీరు అందదు.

రెండో దశ: పిండడం

వంటంతటిలోనూ ఓపిక అవసరమైన పని ఇదే, ఎక్కువమంది తొందరపడేదీ ఇక్కడే. వేడినీళ్లు వంపేసి, ముక్కల మీద చన్నీళ్లు పోసి, రెండేసి మూడేసి ముక్కల చొప్పున రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా ఒత్తాలి. మొదటిసారి పిండినప్పుడు వేళ్ల సందుల నుంచి లేత పసుపు రంగు నీళ్లు నురగ కడుతూ కారతాయి, పప్పు నానబోసిన నీళ్లను పోలిన వాసన వస్తుంది. ఆ నీళ్లు పారబోసి, మళ్లీ చన్నీళ్లలో వేసి, ముక్కలు ఉబ్బాక మళ్లీ పిండాలి. నురగ తగ్గి, నీరు తేటపడేవరకు, అంటే సాధారణంగా మూడుసార్లు, ఇలా చేయాలి. కడుపు ఉబ్బరానికి కారణమయ్యే రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు నీటిలో కరిగేవి కనుక వాటిలో కొంత భాగం కూడా ఈ నీళ్లతోపాటే పోతుంది. వాసన పట్ల మరీ పట్టింపు ఉన్నవారు చివరి విడత నీళ్లలో ఒక నిమ్మచెక్క పిండుకోవచ్చు.

ఆఖరి పిండుడు మరింత గట్టిగా ఉండాలి. స్పాంజిలో నీళ్లు నిండి ఉంటే ఇంకేదీ పట్టనట్టే, నీళ్లు మిగిలిన ముక్కలోకి ఉప్పూ కారమూ వెళ్లవు. గ్రాన్యూల్స్‌ను పలుచని బట్టలో మూటగట్టి మెలితిప్పి పిండాలి. పెద్ద ముక్కలను ఈ దశలోనే రెండుగా కోసుకోవాలి, లేదా చేత్తో చీల్చాలి. చీల్చిన ముక్కకు అంచులు ఎగుడుదిగుడుగా ఉండి మసాలా బాగా పట్టుకుంటుంది, తినేటప్పుడు పోగులు తెలుస్తాయి, చూడడానికి కూడా కోడిమాంసపు పీలికల్లా ఉంటుంది. నేనైతే కత్తి పెట్టను.

మూడో దశ: ఊరబెట్టి వేయించడం

100 గ్రాముల ఎండు ముక్కల నుంచి వచ్చిన పరిమాణానికి మూడు టేబుల్ స్పూన్ల చిక్కని పెరుగు, ఒక టీస్పూన్ అల్లం వెల్లుల్లి ముద్ద, ఒక టీస్పూన్ కారం, అర టీస్పూన్ ధనియాల పొడి, ముప్పావు టీస్పూన్ ఉప్పు, ఒక టీస్పూన్ నూనె పట్టించి అరగంట ఉంచాలి. మాంసానికి పెరుగు పట్టించేది మెత్తబడడానికి, ఇక్కడ మాత్రం పుల్లదనాన్ని, ఉప్పును, కారాన్ని లోపలికి మోసుకువెళ్లడానికి. అందుకే మాంసాన్ని రాత్రంతా ఊరబెట్టినట్టు దీన్ని ఊరబెట్టనవసరం లేదు. ఉప్పు కొంచెం ఎక్కువగా ఉన్నట్టు తోచినా తగ్గించవద్దు, ముక్కలో సొంత ఉప్పు ఏమీ లేదు.

తర్వాత వెడల్పాటి బాణలిలో రెండు టేబుల్ స్పూన్ల నూనె బాగా కాగాక, ముక్కలను ఒకదానిమీద ఒకటి పడకుండా పరచి, రెండు నిమిషాలు కదపకుండా ఉంచాలి. అడుగువైపు గోధుమ రంగు చారలు పడ్డాక తిప్పి రెండోవైపు కాల్చాలి. మాంసం కాలుతున్నప్పుడు వచ్చే కమ్మని వాసనకు మూలం మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి రంగు మారడమే. సోయాలో ఆ రెండూ ఉన్నాయి కనుక ఆ వాసనలో కొంత ఇక్కడా వస్తుంది. ముక్కలన్నీ ఒకేసారి కుమ్మరిస్తే నీరూరి ఉడుకుతాయే తప్ప వేగవు. నూనె చల్లగా ఉంటే దాన్నంతా పీల్చేసుకుంటాయి.

నాలుగో దశ: మసాలాలో మాంసపు లోటు తీర్చడం

మాంసం ఇచ్చే కొవ్వు, చిక్కదనం, లోతైన రుచి ఈ మూడింటినీ విడివిడిగా సమకూర్చుకోవాలి. చిక్కదనానికి ఒక టేబుల్ స్పూన్ గసగసాలు, మూడు టేబుల్ స్పూన్ల ఎండుకొబ్బరి, ఎనిమిది జీడిపప్పులు నానబెట్టి మెత్తగా నూరాలి. ఇది కొవ్వు లోటునూ కొంత పూడుస్తుంది. లోతైన రుచికి ఉల్లిపాయలే ఆధారం. రెండు పెద్ద ఉల్లిపాయలను సన్నగా తరిగి, మంట తగ్గించి, ముదురు గోధుమ రంగు వచ్చేదాకా పన్నెండు పదిహేను నిమిషాలు వేయించాలి. మాంసం కూరలో ఉల్లిపాయ సగం వేగినా ముక్క ఆ లోటును కప్పేస్తుంది కానీ ఇక్కడ కప్పేది ఏదీ లేదు. ఆ పైన రెండు పండిన టమాటాలు వేసి నూనె తేలేదాకా మగ్గించాలి. పుట్టగొడుగులు తినేవారు నాలుగింటిని సన్నగా తరిగి ఉల్లిపాయలతోపాటు వేయిస్తే కూరకు మాంసపు ఛాయ మరింత వస్తుంది.

దీక్షలో ఉండి ఉల్లి, వెల్లుల్లి మానేసినవారు నూనెలో ఇంగువ, మిరియాలు, అల్లం వేయించి, టమాటాలను నాలుగుకు పెంచి బాగా దగ్గరపడేవరకు మగ్గించి, జీడిపప్పు ముద్దను రెట్టింపు చేసుకోవాలి. ఊరబెట్టేటప్పుడు కూడా అల్లం ఒక్కటే వాడాలి.

కూర కలిపే క్రమం ఇది. మూడు టేబుల్ స్పూన్ల నూనెలో నాలుగు లవంగాలు, చిన్న దాల్చినచెక్క, రెండు యాలకులు వేయించి, ఉల్లి, అల్లం వెల్లుల్లి, టమాటా వరుసగా వేసి మగ్గించాలి. పసుపు, కారం, ధనియాల పొడి కలిపి, నూరిన ముద్ద వేసి అది అడుగంటకుండా రెండు నిమిషాలు వేయించి, రెండు కప్పుల వేడినీళ్లు పోసి, ఉప్పు సరిచూసి మరగనివ్వాలి. ఈ దశలో పులుసును రుచి చూస్తే అది మామూలు కూరకంటే కాస్త ఘాటుగా, ఉప్పగా ఉండాలి. అప్పుడే వేయించిన ముక్కలు వేసి, మూతపెట్టి, సన్నని మంటమీద పన్నెండు నిమిషాలు ఉంచాలి. ముక్కలు పులుసును తాగి ఉబ్బుతాయి, ఘాటు సర్దుకుంటుంది, నూనె అంచుల వెంట తేలుతుంది. దించాక పావుగంట ఆగి వడ్డిస్తే మరింత బాగుంటుంది. ఆ ఆగే సమయంలో కూడా పులుసు తగ్గుతుంది కనుక దించేటప్పుడు కావలసినదానికంటే పలుచగానే ఉంచాలి.

ఖీమా

ఒక కప్పు గ్రాన్యూల్స్‌ను పైన చెప్పినట్టు నానబెట్టి పిండాక, ఒక టేబుల్ స్పూన్ నూనెలో ఐదారు నిమిషాలు పొడిపొడిగా వేయించి పక్కన పెట్టుకోవాలి. ఈ వేపుడు మానేస్తే ఖీమా ఉప్మాలా ముద్దకడుతుంది. మసాలా దినుసులు, ఉల్లి, అల్లం వెల్లుల్లి, టమాటా మగ్గిన తర్వాత గ్రాన్యూల్స్‌తోపాటు అరకప్పు పచ్చిబఠాణీ, ముప్పావు కప్పు వేడినీళ్లు వేసి ఎనిమిది నిమిషాలు మూతపెట్టి, తర్వాత మూత తీసి నీరు ఇగిరేదాకా కలపాలి. చివర్లో ఒక టీస్పూన్ నెయ్యి, చిటికెడు గరం మసాలా, పుదీనా, కొత్తిమీర వేయాలి. చపాతీకి, దోసె మధ్యలో పెట్టడానికి ఇది చక్కగా కుదురుతుంది. తడి లేకుండా ఇంకొంచెం ఎక్కువసేపు వేయిస్తే హైదరాబాదీ లుఖ్మీలోనో సమోసాలోనో నింపుకోవచ్చు. కబాబులు కావాలంటే ఉడికించిన శనగపప్పుతో కలిపి నూరుకోవాలి, గ్రాన్యూల్స్ ఒక్కటే అయితే ఒకదానికొకటి అంటుకోక పెనం మీద విరిగిపోతాయి.

గోంగూర మీల్ మేకర్

గోంగూర మాంసానికి బదులు చేసే ఈ కూర, నా దృష్టిలో మీల్ మేకర్‌కు అన్నింటికంటే బాగా నప్పే వంట. గోంగూర పులుపు ముందు సోయా వాసన అసలు నిలవదు. రెండు కట్టల గోంగూర ఆకు కోసి కడిగి, ఆరు పచ్చిమిర్చితో కలిపి ఒక టేబుల్ స్పూన్ నూనెలో ముద్దయ్యేవరకు మగ్గించి మెదుపుకోవాలి. వేరే బాణలిలో ఉల్లి, అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడితో మసాలా చేసి, కప్పున్నర వేడినీళ్లు పోసి, టమాటా లేకుండా, వేయించిన ముక్కలను అందులో పది నిమిషాలు ఉడికించాలి. ఆ తర్వాతే గోంగూర ముద్ద కలపాలి. గోంగూరను ముందే వేస్తే ముక్కంతా పులుపుతో నిండిపోయి, ఉప్పూ కారమూ పైపైనే ఆగిపోతాయి. కలిపాక ఇంకో ఐదు నిమిషాలు మగ్గించి, ఎండుమిర్చి, వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకుతో పోపు పెట్టాలి. ఇందులో నూనె విషయంలో పిసినారితనం పనికిరాదు.

దమ్ము బిర్యానీ

పచ్చి మాంసంతో చేసే కచ్చి పద్ధతి దీనికి కుదరదు. ఆ పద్ధతిలో మాంసం ఉడికేంతసేపు దమ్ము మీద ఉండాలి, ఆ లోపు తన రసాన్ని వదులుతుంది. మీల్ మేకర్ రసాన్ని వదలకపోగా అడుగున ఉన్న తడిని పీల్చేస్తుంది కనుక మసాలా మాడి, అన్నం పొడారిపోతుంది. అందువల్ల ముక్కలను పెరుగు మసాలాలో ముందే పది నిమిషాలు ఉడికించి, అవి తాగవలసినంతా తాగాక, అడుగున వేలెడు లోతు పలుచని గ్రేవీ మిగిలేలా చూసుకోవాలి. బాస్మతి బియ్యాన్ని అరగంట నానబెట్టి, ఉప్పు, మసాలా దినుసులు వేసిన మరిగే నీళ్లలో ముప్పాతిక వంతుకు మించి, గింజ నడుమ సన్నని పలుకు మిగిలేవరకు ఉడికించి వార్చాలి. ఆ అన్నాన్ని గ్రేవీ మీద పరచి, వేయించిన ఉల్లిపాయలు, పుదీనా, కుంకుమపువ్వు కలిపిన పాలు, రెండు టేబుల్ స్పూన్ల నెయ్యి చల్లి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, అడుగున పెనం పెట్టి, సన్నని సెగమీద పదిహేను నిమిషాలు దమ్ము చేయాలి. పొయ్యి ఆపి పది నిమిషాల తర్వాత మూత తీయాలి.

నిల్వ

ఎండు ముక్కలను తడి తగలని డబ్బాలో ఉంచితే నెలల తరబడి నిలుస్తాయి, వర్షాకాలంలో మెత్తబడితే ఒకపూట ఎండలో పెట్టాలి. నానబెట్టి పిండిన ముక్కలను మూతగల డబ్బాలో ఫ్రిజ్‌లో రెండు రోజుల వరకు, ఫ్రీజర్‌లో నెల వరకు ఉంచుకోవచ్చు. ఫ్రీజర్ నుంచి తీసినవి కరిగాక మళ్లీ ఒకసారి పిండి వాడాలి, వాటి పోగులు మరింత విడివడి మసాలాను ఇంకా బాగా పీల్చుకుంటాయి. వండిన కూరను మర్నాడు వేడి చేసేటప్పుడు చన్నీళ్లు కాక ఉప్పు కలిపిన వేడినీళ్లు అరకప్పు పోయాలి, రాత్రంతా ముక్కలు పులుసును తాగేసి ఉంటాయి.